వీపు మీద జేబు

లోకంలో అందరి చొక్కాలకీ జేబు గుండె మీద ఉంటే, టైలరు పని చేసే మా బాబాయి చొక్కాలకి మాత్రం వీపు మీద ఉంటుంది. అందులో ఒక టెన్నిస్ బంతి, జారిపోకుండా పైన బొత్తాం. వెనక నుంచి చూస్తే మనిషికి చిన్న మూపురం మొలిచినట్టుంటుంది. మధ్యాహ్నం కొట్లోనే కునుకు తీస్తాడు కాబట్టి పగటి చొక్కాలకీ అదే ఏర్పాటు.

ఇదంతా గురకతో మొదలైంది. వట్టి గురకైతే పిన్ని సర్దుకుపోయేదే. కానీ అది మధ్యలో టక్కున ఆగిపోయేది. మళ్ళీ ఊపిరి అందేదాకా ఆవిడ లేచి కూర్చునేది. పొద్దున్నే బడిపిల్లల వ్యాను నడపాలి ఆవిడ. ఒకరోజు సిగ్నల్ దగ్గర స్టీరింగు పట్టుకునే కునికింది. వెనక హారన్లు మోగితే గానీ తెలివి రాలేదు. ఆ సాయంత్రమే బాబాయిని డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది.

పరీక్షలయ్యాక డాక్టరు, "నిద్రలో ఊపిరి ఆగుతోంది. కొద్దిగానే లెండి, మీకు మిషను అక్కర్లేదు," అన్నాడు.

బాబాయి మొహం వాడిపోయింది. "మిషను మానేస్తే ఎలా బతకనండీ? నాకు ఇంకో పని రాదు."

"కుట్టుమిషను కాదండీ, ఊపిరి మిషను. ఒళ్ళు తగ్గించండి, రాత్రి పెగ్గు మానేయండి, వెల్లకిలా కాకుండా పక్కకి తిరిగి పడుకోండి. ఆర్నెల్లయ్యాక మళ్ళీ చూద్దాం."

"నిద్రలో ఎటు తిరిగానో నాకెలా తెలుస్తుందండీ?"

"వీపుకి ఏదైనా అడ్డం పెట్టుకోండి."

బాబాయికి పని దొరికింది. ముందు గుడ్డపీలికల ఉండ కుట్టాడు. దాని మీద ఇంకా హాయిగా వెల్లకిలా పడుకున్నాడు. తర్వాత దారపు రీలు పెడితే వీపు మీద సున్నా అచ్చు పడింది. ఆఖరికి టెన్నిస్ బంతి కుదిరింది. ఆ ధ్యాసలో హెడ్మాస్టరుగారి కొత్త చొక్కాకి కూడా వెనకే జేబు కుట్టేశాడు.

ఆయన చొక్కా పట్టుకుని వచ్చాడు. "ఏమయ్యా, నా పెన్ను ఎక్కడ పెట్టుకోను?"

"సార్, మీరు గురక పెడతారా?" అన్నాడు బాబాయి ఎంతో ఆసక్తిగా.

హెడ్మాస్టరు వెనక జేబులో చెయ్యి పెట్టి చూశాడు. "మా ఆవిణ్ణి అడిగి చెప్తాను," అని చొక్కా తీసుకునే వెళ్ళిపోయాడు.

ఆర్నెల్లలో బాబాయి తొమ్మిది కిలోలు తగ్గాడు. ఈసారి బంతి లేకుండానే పరీక్ష చేసి, పక్కకి తిరగడం అలవాటైపోయింది, ఊపిరి బాగుంది అన్నాడు డాక్టరు. అయినా మొన్న కొట్టుకెళ్తే బాబాయి తన చొక్కాకి వెనక జేబు కుడుతూ కనబడ్డాడు.

"ఇంకా ఎందుకు బాబాయ్ ఈ మూపురం?"

దారం కొరికి, "మీ పిన్నితో అనకు," అన్నాడు. "మెలకువ వస్తే తను ఇప్పుడు లేచి కూర్చోవట్లేదు. చెయ్యి చాపి నా వీపు తడుముతుంది. బంతి తగిలితే, పక్కకి తిరిగే ఉన్నానని మళ్ళీ నిద్రపోతుంది. డాక్టరు మాట కన్నా దీని మీదే నమ్మకం తనకి."

నాకు భలే ముచ్చటేసింది. "మరి నీకు నొప్పెట్టదా?"

"నాదేముందిరా, నిద్ర చాలక కుట్టు వంకరైతే విప్పి కుడతాను. తను పధ్నాలుగు మంది పిల్లల్ని బడికి చేర్చాలి," అంటూ బొత్తాన్ని లాగి చూసి, ఇంకో నాలుగు కుట్లు వేశాడు.