తలుపు లేని బడి

పంతులు చనిపోయారని కిందటి నెల ఒకనాడు పొద్దున్నే మా జీతగాడు వచ్చి చెప్పాడు. నాకు ఏడుపు రాలేదు. చాలా ఏళ్ల కిందట ఊరి పటేలు ఆయనకు ఇచ్చిన మాట గుర్తొచ్చింది.

"నా కొట్టంల బడి పెట్టుకో పంతులూ. దసరా దాంక దర్వాజ చేయించి పెడ్త."

దసరా వచ్చింది. అప్పటికి కూలివాడ పిల్లలు పెద్దరైతుల పిల్లల పక్కనే కూర్చుంటున్నారు. మా దేవరకొండ వైపు ఊళ్లలో ఆ వాడవాళ్లు పెద్దిళ్ల గడప దాటరాదు. పటేలు వచ్చి చూశాడు.

"వాళ్లను బయట కూసోపెట్టు. దర్వాజ చెయ్య రేపే వడ్లాయనను తోలిస్త."

"దర్వాజ లేని కొట్టానికి కడప ఏడిది పటేలా? వాళ్లు దాటిందేంది?"

"కడప పెట్టినంక దాటుతరు గద."

"అయితే పెట్టకుండ్రి."

ఆ రోజు నుంచి బడికి గోనెపట్టాయే తలుపు. చలిగాలికి అది కొట్టుకుంటూనే ఉండేది. మేకలు దూరితే పంతులు పాఠం ఆపి, "కూసో బిడ్డా, నువ్వన్న ఇను" అనేవారు.

సర్కారు బడిలో అంతా ఉర్దూ. ఈయన తెలుగు మాటలను తిప్పి తిప్పి చెప్పేవారు. కవాటం అంటే తలుపు రెక్క. పాత కావ్యాల్లో రాజుల రొమ్ము కవాటమంత వెడల్పు. ఇది చెప్పి తన బక్క రొమ్ము తడుముకునేవారు. "నాది కిటికీ రెక్కరా."

నిరుడు ఆయాసం పట్టింది. బండి కట్టించి నల్లగొండ దవాఖానకు నేనే తీసుకుపోయాను. నెత్తురు వెనక్కి రాకుండా ఆపే రెక్క గుండెలో సరిగా మూసుకోవడం లేదని డాక్టరు చెప్పాడు. దాన్నీ కవాటమే అంటారని వైద్యగ్రంథంలో చదివానని దారిలో చెప్పాను. ఆయన రొమ్ము తడుముకున్నారు.

"ఆడ గూడ తలుపు పడ్తలేదా? గోనెపట్ట కట్టుమనక పోయినవు."

మళ్లీ కొంతదూరం పోయాక, "నేనున్నా లేకున్నా పిల్లలను వాపస్ పంపకుండ్రి" అన్నారు.

కర్మనాడు ఊరి పెద్దలంతా ఆయనను పొగిడారు. బతికుండగా వాళ్లలో ఒక్కడూ ఆ బడికి ఒక పలక కొనివ్వలేదు. మర్నాడు పటేలు వడ్లాయనను తోలించాడు. గడపకు పసుపు, పైన మామిడాకులు, రెండు టేకు రెక్కలు. మాట నిలబెట్టుకున్నానని కనిపించినవాడికల్లా చెప్పుకున్నాడు. సాయంత్రానికి తాళం పడింది.

కూలివాడ పిల్లలు ఇంకా వస్తున్నారు. గడప ఇవతలే నిలబడి, రెక్కల సందులోంచి లోపలికి చూసి పోతున్నారు. తాళంచెవి పటేలు మొలతాడుకు వేలాడుతోంది. ఇంతవరకు పటేలు అనే రాశాను. ఆయన నా తోడబుట్టిన పెద్దన్న.