పంకజం వదిన వాకిట్లో జీవకణం

కాపురానికి వచ్చినప్పటి నుంచి తెల్లవారి వాకిలి చిమ్మి, నీళ్ళు చల్లి, ముగ్గు పెట్టే పని నాదే. మొన్న దీపావళి దాటాక మా ఆయన పోయారు. ఏడాది పాటు వాకిట్లో ముగ్గు ఉండకూడదన్నారు పెద్దలు. సరేనని ముగ్గు డబ్బా అటకెక్కించాను. కర్మలు ముగిసిన మర్నాడే అది కిందికి దిగింది. దింపింది మా ఆయన అక్క, పంకజం వదిన. "ఇది ముగ్గు కాదులే వాసంతీ, పాఠం" అని వాకిలి నిండా పెద్ద జీవకణం గీసింది.

మా వదినకున్న ఒకే ఒక్క పిచ్చి అది. ఖాళీ నేల కనపడితే చాలు, సెల్ గీసేస్తుంది.

వాషర్‌మెన్‌పేటలో మా వీధి చివర ఉన్న తెలుగు బడిలో ఆమె ఆరో క్లాసుకు సైన్సు టీచరు. పెళ్ళి చేసుకోలేదు, మొదటి నుంచీ మాతోనే ఉంటుంది. "పుస్తకంలో సెల్ వేలెడంత ఉండాది. దాంట్లోకి పిల్లోళ్ళు ఎట్ల దూరతారు?" అంటుంది. అందుకని పదిమంది కూర్చునేంత సెల్ గీసి, పిల్లల్ని దాంట్లో దించుతుంది. సాయంత్రం బడి వదలగానే అందరూ మా వాకిట్లో ఉంటారు.

నేను అయిదో క్లాసుతో చదువు ఆపేసినదాన్ని. అయినా సెల్ లోపల ఏముంటుందో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. లోపల మడతలున్న కజ్జికాయలా ఉండేది మైటోకాండ్రియా, శక్తి తయారయ్యే చోటు. మడతపెట్టిన చీరల దొంతరలా ఉండేది గాల్జీ. చుక్కల ముగ్గనుకుని ఎవరైనా ఆ చుక్కల్ని కలపబోతే చేతి మీద ఒకటి పడుతుంది. అవి రైబోసోములు.

మా ఇంటికి రావాలంటే దారి చూసుకుని రావాలి. పాలవాడు గంతులేస్తూ వస్తాడు. గ్యాసు తెచ్చే పాల్‌రాజ్‌కి మొదట్లో చాలా కష్టమైంది.

"ఆగు! కాలు తియ్! గాల్జీ మీద నిలబడినావు!"

"అక్కా, బరువుండాది అక్కా! యాడ దించాల?"

"సిలిండరు శక్తి కదా? మైటోకాండ్రియాలో దించు."

వాడిప్పుడు బాగా ఆరితేరాడు. మొన్న వచ్చి సిలిండరు భుజాన పెట్టుకునే అడిగాడు. "ఏంది టీచరక్కా, పోయిన తడవ మైటోకాండ్రియా ఎడం పక్కన ఉండె. మార్చేసినావా?"

ఆయన ఉన్నప్పుడు ఒకసారి సౌకార్‌పేటలో మా చుట్టాల పెళ్ళికి వెళ్తే కళ్యాణ మండపం వాకిలి నున్నగా కనిపించింది. ఇంకేముంది, వదిన కొంగు బిగించింది. మగపెళ్ళివారు అదేదో ఆడపెళ్ళివారి ఆచారం అనుకున్నారు. చుట్టూ తిరిగి లోపలికి వచ్చారు. పురోహితుడు ఎందుకైనా మంచిదని న్యూక్లియస్‌లో కుంకుమ వేసి దండం పెట్టాడు. అప్పుడు మా ఆయన నా చెవిలో, "అక్కను చూస్కో. ఇంకొంచెం సేపు వదిలితే తలంబ్రాలను గూడా రైబోసోములంటాది" అన్నారు. నవ్వాపుకోలేక నేను చేతులు కడిగే చోటికి పారిపోయాను.

ఆయన పోయాక మా వాకిలి సెల్‌లో కొత్త ఉద్యోగాలు పుట్టాయి. మధ్యలో ప్లాస్టిక్ కుర్చీ వేసి నన్ను కూర్చోబెట్టింది వదిన.

"నువ్వు న్యూక్లియస్."

"నేనేం చేయాల వదినా?"

"ఏం చేయొద్దు. గమ్మున కూర్చో. నువ్వుంటే సెల్ నడస్తాది."

గడప ముందు పిల్లల్ని చేతులు పట్టించి వరసగా నిలబెట్టింది. వాళ్ళు సెల్‌కు పైపొర. పనికొచ్చేదాన్ని లోపలికి రానివ్వాలి, అక్కర్లేనిదాన్ని ఆపాలి. ఎవరొచ్చినా "ఏం తెచ్చినారు?" అని అడగాలి. ఈ పొరకు పెద్ద జెబ అనే పిల్ల. ఎత్తు గడపంత, గొంతు వీధంత.

మొదట చిక్కింది ఎదురింటి మంగళ. ఆమె మంచిదే. కాకపోతే రోజూ పలకరించడానికి వచ్చి, నన్ను పట్టుకుని ఏడ్చి, నన్ను ఏడిపించి, ముక్కు చీది వెళ్ళేది. నేను అప్పుడప్పుడే అన్నం తింటున్నాను. ఆమె వచ్చి వెళ్తే మళ్ళీ ముద్ద దిగేది కాదు.

"ఏం తెచ్చినారు ఆంటీ?" అంది జెబ.

"ఏం తెచ్చేదిమే? దుఃఖంలో ఉండాదని పలకరించను వచ్చినా."

"దుఃఖం లోపల నిండా ఉండాది ఆంటీ, చాలు. వేరే ఏమన్నా ఉండాదా?"

మంగళ వచ్చిన దారినే వెనక్కి వెళ్ళింది. మర్నాడు ముల్లంగి సాంబారు గిన్నెతో వచ్చింది. జెబ మూత తీసి వాసన చూసింది. "పోషకం. రావచ్చు" అంది. ఆ రోజు మంగళ ఏడవలేదు. సాంబారులో తాను వేసిన పొడి గురించి గంటసేపు చెప్పింది. నేను రెండుసార్లు వడ్డించుకున్నాను.

ఇదంతా బాగానే ఉంది గానీ, అరక్కోణం నుంచి చెంగమ్మ చిన్నత్త కబురు పంపింది. ఆమె మా అత్తగారి చెల్లెలు. మా వాళ్ళందరిలో ఇప్పుడు ఆమే పెద్ద. ఆమె మాటకు ఇంతవరకు ఎవరూ ఎదురు చెప్పలేదు. "పిల్లాజెల్లా లేనిది ఆడ ఒంటరిగా ఏం చేస్తాది? శనివారం వచ్చి పిల్చుకొస్తా. నా ఇంట్లో వంటకు మనిషి గూడా లేదు" అందట. ఆయన తిరిగిన ఇల్లు వదిలి నేను ఎక్కడికి పోను? వదిన వైపు చూశాను. వీధినంతా అదిలించే ఆ మనిషికి చెంగమ్మ చిన్నత్త పేరు వింటే నాలుక పిడచకడుతుంది. వెళ్ళి ముగ్గు డబ్బా అందుకుంది.

శనివారం వాకిట్లో సెల్ వీధి సగానికి వచ్చేసింది. చిన్నత్త ఆటో దిగింది.

"ఏం తెచ్చినారు అవ్వా?"

"ఏం తేలా. జరుగు. దీన్ని తీసుకుపోను వచ్చినా."

జెబ వెనక్కి తిరిగి కేక పెట్టింది. "మిస్! న్యూక్లియస్‌ను ఎత్తుకుపోతారంట!"

పొర మొత్తం గొల్లుమంది. "న్యూక్లియస్ లేకుంటే సెల్ చచ్చిపోతాది అవ్వా!"

ఇంతలో ఒక తెలివైనవాడు లేచాడు. "మిస్, రక్తంలో ఎర్ర కణానికి న్యూక్లియస్ ఉండదని మీరే చెప్పినారు కదా?"

"చూసినావా! బిడ్డే చెప్తా ఉండాడు!" అంది చిన్నత్త.

వదిన నేల చూపులు చూస్తూనే, సన్నగా, "అందుకే అది నాలుగు నెలలకు పైన బతకదు చిన్నమ్మా" అంది.

"నీ సెల్లూ వద్దు, నీ గోలా వద్దు. ఆటో నిలబెట్టి ఉండా. వాసంతీ, నువ్వు చెప్పవే. నోరుండాదా, లేదా?"

వదిన చేతిలోంచి ముగ్గుపిండి తనంతట తానే జారుతోంది. నేను కుర్చీలోంచి లేచాను.

"నేను ఈడే ఉంటా చిన్నత్తా. ఇది నా ఇల్లు. ఆటోను పంపించేసి లోపలికి రాండి. కాపీ తాగి పోదురు."

చిన్నత్త నన్ను ఎగాదిగా చూసింది. ఎంతసేపు చూసినా నేను మళ్ళీ కూర్చోలేదు. చివరకు ఆటోవాడి వైపు చేయి ఊపింది. "కాపీలో చక్కెర రొంబ వేయొద్దు, ఒక స్పూను చాలు" అంది. పొర రెండుగా విడిపోయి దారి ఇచ్చింది.

ఆమె సెల్‌లోనే ఒక మూల చాప మీద కూర్చుని పిల్లలతో పాటు తాళింపు శనగల సుండల్ తింది. "నేను కూర్చున్నది ఏందిమే?" అని అడిగింది.

"లైసోసోమ్ అవ్వా. లోపల పనికిరానిదంతా అరిగించేస్తాది."

"ఆమా, నిజమే, ఇంట్లో ఒకరు అట్ల ఉండాల్సిందే" అని ఇంకో దోసెడు సుండల్ పెట్టించుకుంది.

ఆమెను సాగనంపి వచ్చేసరికి జెబ నా కొంగు పట్టుకుంది. "ఆంటీ, ఇంక అవ్వ రాదు కదా? ఇప్పుడన్నా మిస్‌ను అయస్కాంతం చెప్పమని అడగండి."

"సెల్ అయినాక చెప్తాది కదే."

"సెల్ బడిలో ఎప్పుడో అయిపాయ ఆంటీ! పరీక్ష గూడా రాసేసినాం. ఆడ ఇప్పుడు అయస్కాంతం. ఈడకొస్తే మళ్ళా సెల్లే. ఎందుకు మిస్ అంటే, 'వాసంతి ఆంటీ గట్టిపడేదాకా తలుపు కాడ మీరుండాల' అనింది."

వదిన వినిపించనట్టు నటిస్తూ అరిగిపోయిన గీతనే మళ్ళీ మళ్ళీ దిద్దుతోంది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"వదినా."

"ఏంది? రివిజన్ చేపిస్తే తప్పా?"

"తప్పు కాదులే. సెల్ చాలు. బిడ్డలకు అయస్కాంతం చెప్పు. నేను బాగుండా."

నా ముఖంలోకి బాగా చూసింది, పరీక్ష పేపరు దిద్దేటప్పుడు చూసినట్టు. "రేపట్నుంచా?"

"రేపెందుకు? ఇప్పుడే."

వదిన చిన్నపిల్లలా లోపలికి పరుగెత్తింది, అయస్కాంతం కోసం. కుళాయి దగ్గర సుండల్ తిన్న ప్లేట్లు గుట్టగా పడి ఉన్నాయి. నీళ్ళు వచ్చే వేళ. ఇప్పుడు తోమకపోతే చీమలు చేరతాయి. చేరనీ అనుకుని, కుర్చీ పక్కకు జరిపి, కుచ్చిళ్ళు సర్దుకుని జెబ పక్కన కింద కూర్చున్నాను.