దాక్కున్న ఫోల్డర్

రాయగడలో నాది కంప్యూటర్ రిపేరు కొట్టు. ఎనిమిదితో బడి మానేసినా పెన్‌డ్రైవ్ వైరస్‌లకి నేనే డాక్టర్ని. దాక్కున్న ఫోల్డర్ కనబడితే దొంగ కిందే లెక్క.

జయపురం నుంచి అక్క కూతురు లాప్‌టాప్ తెచ్చినప్పుడూ అంతే. తన ప్రాజెక్టులో ‘డాట్ గిట్’ అని ఒకటి దాక్కుని ఉంటే పూర్తిగా తుడిచేశాను.

“సెత్తంతా ఊడ్సీసేను అమ్మీ, నీ గది కంటే సుబ్బరం!”

తను తెల్లబోయింది. “మావయ్యా, ఏ రోజు ఏటి మార్సేనో అంతా అందులోనే ఉంటాది. నిన్న నా ప్రోగ్రాం పాడైంది. పాతది అందులోంచే తీద్దామనుకున్నాను. రేపే కాలేజీలో సూపించాల.”

“ఇంకెక్కడా కాపీ నేదేటి?”

“నేదు.”

సాయంత్రం దాకా నా కొట్లోనే కూర్చుని, గుర్తున్నంత మళ్లీ రాసుకుంది. తిడితే బాగుండును. టీ ఇచ్చి, కొట్టుకి వచ్చినవాళ్లని రేపు రమ్మని పంపేశాను.

తనే నవ్వింది. “బాగా సుబ్బరం సేసేవులే మావయ్యా.”