నాచు మీద సున్నం

నా చిన్నప్పుడు ఉద్దానంలో వాన కురిసి పోయేది కాదు, వచ్చి కాపురం పెట్టేది. కొబ్బరాకుల కొసల నుంచి రోజంతా చినుకులు జారుతుండేవి. ఇంటి గోడలకు బూజు పట్టేది, మా నూతి గట్టు రాళ్ల మీద నాచు పరుచుకునేది. దాని పక్కన బోర్లా పడుకుని చూస్తే అదొక చిన్న అడవి. అందులో దారులు వెతుక్కుంటూ నేను పొద్దు మరిచిపోయేదాన్ని.

ఆ ఏడు పక్కింటి అక్కకి నెలలు నిండాయి. పెనిమిటి బారువ రేవులో ఓడెక్కి బర్మాలోని రంగం పోయాడు, అత్తగారు మంచం మీద. అందుకని రోజూ పొద్దున్నే ఆమే మా నూతికి వచ్చి నీళ్లు తోడుకునేది. గట్టు మీద నాచు లేకుండా చూసే పని మామ్మ ఓ రోజు నాకు అప్పగించింది. సాయంత్రమే బూడిద చల్లి, గుల్లసున్నం తేట పోసి నాననివ్వాలి. తెల్లారి కొబ్బరి పీచుతో రాయి కనబడేదాకా రుద్ది కడగాలి.

ఆ సాయంత్రమంతా నేను నా అడవిలోనే ఉండిపోయాను. తెల్లారి గుర్తొచ్చేసరికి రుద్దే వేళా లేదు, అడవిని నరికే మనసూ లేదు. సున్నం చిక్కగా కలిపి నాచు మీదే పూసేశాను. పిసరంత ఎండ తగిలేసరికి గట్టు మల్లెపువ్వులా తెల్లబడింది. పలక మీద పంతులుగారు వేసే సున్నాలు తప్ప అంత తెల్లటిదేదీ అంతవరకూ నా ఖాతాలో లేదు.

అమ్మ చూసి మెచ్చుకుంది. మామ్మకి కళ్లలో పొరలు, ఏం తెలుస్తుందిలే అని నా ధీమా. ఆమె వచ్చి కాలి బొటనవేలు గట్టుకి ఆనించి, అటూ ఇటూ మెల్లగా జరిపి, వెనక్కి తీసుకుంది. దడి అవతల అక్క కడవ చప్పుడు వినిపించింది.

"ఓలే గుంటా," అంది మామ్మ, "అరుగు మీదున్న నిండు కడవ సంకనెట్టుకుని గట్టు మీద ఓ సుట్టు తిరిగి రా. నువ్వు తిరిగొత్తే అక్కని నేనే సెయ్యట్టుకుని ఎక్కిత్తాను."

కడవ ఎత్తాను గానీ అడుగు పడలేదు. సున్నం కింద ఏముందో నా కాళ్లకి తెలుసు. అక్క ఒక చేత్తో నడుం పట్టుకుని దడి తలుపు తోసుకుని వస్తోంది.

"రావొద్దక్కా. కింద నాసుంది. నాను రుద్దలేదు."

మామ్మ తిట్టలేదు. అక్కని అరుగు మీద కూర్చోబెట్టి, నాకో పీచు ఇచ్చి, తానొకటి పట్టుకుని నా పక్కనే కూలబడింది. నానని నాచు కదా, మధ్యాహ్నందాకా వదల్లేదు. తనకి కూతురు పుడితే నా దగ్గర పని నేర్చుకోడానికి మాత్రం పంపనని అక్క అరుగు మీంచి నన్ను ఏడిపిస్తూనే ఉంది.

"కంటికి ఏటైనా సెప్పుకోవచ్చే అమ్మీ," అంది మామ్మ రుద్దుతూ, "కాలికేటి సెప్తావు?"

ఇప్పుడు మా కోడలు సీసా మందు పోసి స్నానాల గది కడిగితే గచ్చు అద్దంలా మెరుస్తుంది. అయినా నేను గుమ్మంలో ఆగి బొటనవేలు ఆనించి జరిపి చూస్తాను. ఏ పనైనా అయిపోయిందని చెప్పే ముందు ఒకసారి దాని మీద నడిచి చూసుకుంటాను. కోడలు నవ్వుకుంటుంది, నవ్వుకోనీ. నా వేలి కింద ఇంకా ఆ తెల్లటి గట్టే ఉంది. దడి తలుపు తోసుకుని అక్క వస్తూనే ఉంది.