పెరటి తలుపు మీద పది పేర్లు

నా కింది పెదవి పగిలి నాలుగు రోజులైంది. పగలగొట్టిన మనిషి పోయాడన్న కబురు గుంటూరు మిరప యార్డులో అందింది. మా ఊరి లారీ డ్రైవరు బస్తాల సందులోంచి వచ్చి, "ఒరేయ్, డ్రిల్లు మాస్టారు పొద్దున పోయాడంటరా. బండి ఖాళీగానే వెళ్తంది, ఎక్కు" అన్నాడు. నా కాయ ఇంకా అమ్ముడుపోలేదు. అక్కడే వదిలేసి ఎక్కాను.

ఆయన గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. ఇది చదివేవాళ్లలో ఆయన చేతి దెబ్బ తిన్నవాళ్లుంటే వాళ్లకి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు, చివర్లో చెప్పే ఒక్క సంగతి తప్ప. తిననివాళ్లు మొత్తం వినండి.

ఆయన మా హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. అంతకుముందు మిలటరీ. అక్కడ బాక్సింగ్ ఆడాడు. ముక్కు రెండుచోట్ల విరిగి ఒక పక్కకి ఒరిగి ఉండేది. ఎవరన్నా అడిగితే వేలుపెట్టి చూపించేవాడు. "ఈ వంపు ఒక పంజాబు హవల్దారు పెట్టాడు. ఈ రెండోది నా పొగరు పెట్టింది." మిలటరీలో ఒకసారి ఎదుటివాడి దవడ తన చేతికింద విరిగినప్పుడు ఆ చప్పుడు మోచేతిదాకా పాకిందట. అది చెప్పేటప్పుడు మాత్రం నవ్వేవాడు కాదు.

ఆయన ఇల్లు చర్చి పేటలో. ఆదివారం ప్రార్థన అయ్యాక తెల్ల చొక్కా విప్పి కొయ్యకి తగిలించి బనీనుతో పెరట్లోకి వచ్చేవాడు. అప్పటికే పదిమందిమి బల్ల మీద ఉండేవాళ్లం. మా వీధి కుర్రాళ్లూ పేట కుర్రాళ్లూ ఒకే బల్ల మీద కూర్చోవడం ఆ రోజుల్లో ఆ పెరట్లో తప్ప ఇంకెక్కడా జరగలేదు. మా ఎదురుగా తారు పూసిన పెరటి తలుపు. దాని మీద సుద్దముక్కతో పది పేర్లు. ప్రపంచంలో ఇప్పటిదాకా పుట్టిన బాక్సర్లందరిలో గొప్పవాళ్లు పదిమంది, వరసగా.

అసలు పేర్లు మాకు నోరు తిరిగేవి కావు. లైబ్రరీకి ఒకరోజు ఆలస్యంగా వచ్చే ఇంగ్లీషు పేపరు ఆయన చదివి తెలుగులో చెబితే మేమే పేర్లు పెట్టుకున్నాం. పొడుగాయన, గున్న, దున్న, బట్టతల, ఇలా. మొదటి స్థానం మాస్టారి పొడుగాయనది. దెబ్బ తినకుండా తప్పుకుంటూ, అవతలివాడు అలిసిపోయేలా చేసి గెలిచే మనిషి. నాకు ఒళ్లు మండేది. తప్పుకునేవాడు గొప్పేంటండీ? మా గున్న పొట్టివాడే, కానీ పక్కనుంచి ఒక్కటి విసిరాడంటే ఎదుటివాడు చాప చుట్టుకున్నట్టు పడేవాడు.

"బరువులు వేరు, కాలాలు వేరు. పత్తినీ మిరపకాయనీ ఒకే కాటా మీద పెట్టి ఏది గొప్పదంటే ఏం చెప్తారా?" అని ఆయనే అనేవాడు. అని మళ్లీ వాదన ఆయనే మొదలుపెట్టేవాడు.

వాదనకి ఒక నియమం ఉంది. ఎవడైనా ఒక పేరు పైకి ఎక్కించాలంటే ముందు గ్లౌజులు తొడుక్కుని, కాదన్నవాడితో అలారం గడియారం పెట్టుకుని మూడు నిమిషాలు కొట్టుకోవాలి. నిలబడితే మాట్లాడొచ్చు. కాదన్నవాణ్ణి పడగొడితే మాటతో కూడా పనిలేదు, పేరు ఎక్కేసినట్టే. "దెబ్బ తిని మాట్లాడరా. తినకముందు ఎవడైనా మాట్లాడతాడు" అనేవాడు. మూడో స్థానం కోసం ఒకసారి అన్నదమ్ములిద్దరు గడియారం మోగినా ఆగలేదు. గ్లౌజులు విసిరేసి, బల్లకోడు పీకి కొట్టుకున్నారు. తమ్ముడి పన్ను ఊడి మట్టిలో పడింది. మాస్టారు ఇద్దరికీ చెరో చెంపా పగలగొట్టి, ఆ పన్ను ఏరి అన్న చేతిలో పెట్టి, "ఇదిగో నీ మూడో స్థానం. ఇంటికి పట్టుకెళ్లి మీ అమ్మకి చూపించు" అన్నాడు. వాడు ఏడుస్తూ వెళ్లాడు.

ఒక ఏడు ఎక్కణ్ణుంచో బాక్సింగ్ క్యాసెట్టు దొరికితే వీడియో అద్దెకి తెచ్చుకున్నాం. ఏళ్ల తరబడి కొట్టుకుచచ్చిన పేర్లని అప్పుడే మొదటిసారి కళ్లతో చూడటం. దున్న అవతలివాడి కనుబొమ్మ చీల్చాడు. రక్తం కళ్లలోకి కారి వాడు గుడ్డివాడిలా చేతులు తడుముకుంటున్నాడు. దున్న ఆగలేదు, ముఖం ముద్ద చేశాడు. మేం ఈలలు వేశాం. మాస్టారు లేచి వెళ్లి తలుపు మీద దున్న పేరు అరచేత్తో తుడిపేశాడు.

"రిఫరీ ఆపలేదు కదండీ" అన్నాను నేనే.

"రిఫరీకి కనపడకపోవచ్చు. కొట్టేవాడికి కనపడుద్ది కదరా! చూపులేనివాణ్ణి కొట్టినోడు నా తలుపు మీద ఉండడు."

ఇక ఆ ఒక్క సంగతి చెబుతాను.

గ్లౌజులు రెండు జతలు, ఆయన మిలటరీ నుంచి తెచ్చుకున్నవే. తోలు చిరిగిపోతే లోపల మా చేలో పత్తి కుక్కి కుట్టించాం. చెమటకి తడిసి కంపు కొట్టేవి, వారానికొకళ్లం ఎండబెట్టాలి. ఆ వారం నా వంతు. కోతల రోజులు. పొద్దస్తమానం కళ్లంలో కాపలా ఉండాలి కాబట్టి గ్లౌజులు కూడా అక్కడికే తీసుకెళ్లి, ఎర్రగా పరిచిన కాయల మధ్య పడేశాను. వేరే ఊరివాడైతే ఆ పని చేసేవాడు కాదు. మిరపకాయల్లో పుట్టి పెరిగినవాళ్లకి ఆ ఘాటు ముక్కుకి ఆనదు.

ఆ ఆదివారం గున్నని మొదటి స్థానానికి ఎక్కిస్తానని లేచాను. కాదన్నది మాస్టారే. నా డొక్కలో రెండు పడ్డాయి, పొద్దున తిన్న పెసరట్టు గొంతులోకొచ్చింది. గ్లౌజులు తొడిగాక నేర్చుకునేవాళ్ల ముఖం మీద ఆయన ఎప్పుడూ కొట్టడు. నేను మాత్రం ముఖానికే విసురుతున్నాను. ఒకటి ఆయన కళ్లకి రాసుకుంటూ పోయింది. అంతే, ఆయన రెండు కళ్లూ మూసుకుపోయాయి. నీళ్లు ధారగా కారాయి. చేతులు కిందికి దిగాయి. కుడి చెయ్యి కొంచెం ముందుకి చాపి, ఆగమన్నట్టు ఊపాడు. ఆయన వీపు బల్లవైపు ఉంది. ఆ ముఖం చూసింది నేనొక్కణ్ణే.

ఆలోచించడానికి నాకు టైము దొరికింది. తొందరలో కొట్టానని చెప్పుకునే వీలు కూడా లేదు. కాలు నిలదొక్కుకుని, నడుము తిప్పి, గున్న కొట్టినట్టే పక్కనుంచి ఆయన ఎడమ కంటి మీద కొట్టాను. గుమ్మడికాయ నేలమీద పడ్డట్టు చప్పుడైంది. ఆయన నీళ్ల కుండ మీద పడ్డాడు. పెంకు గుచ్చుకుని చెవి తెగింది, కంటిలోంచి రక్తం వచ్చింది. బల్ల మీదవాళ్లు చప్పట్లు కొట్టారు.

గ్లౌజు పళ్లతో ఊడదీసుకుంటుంటే నాలిక మండింది. అప్పుడు తెలిసింది కారమని. ఆ సాయంత్రమే రెండు జతలూ కాలవలో ఉతికేశాను. ఎవరూ చూడలేదు.

గుంటూరు డాక్టరు లోపలి పొర చీలిందన్నాడు. ఎడమ కన్ను పోయింది. మా వీధిలో మాత్రం పండగే! పేట మాస్టారి పొగరు మనోడు దించాడని మా పెదనాన్న కోడిని కోయించాడు. ఆ కూర నేను తిన్నాను. ఛీ, అదీ చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. ఆ పై ఆదివారం మాస్టారు కంటికి కట్టుతో వచ్చి పొడుగాయన పేరు చెరిపి, మొదటి స్థానంలో తన చేత్తో గున్న పేరు రాశాడు. "చేతులు దించాను. తప్పు నాది. నియమం నియమమేరా" అన్నాడు.

ఆ తర్వాత ఆరేళ్లు ఆయన ఒంటికన్నుతోనే డ్రిల్లు చెప్పాడు. ఎవరన్నా ఎడమపక్క నుంచి పిలిస్తే కోడిలా మెడ మొత్తం తిప్పేవాడు. టీ పోసేటప్పుడు గ్లాసు అంచు మీద వేలు పెట్టుకునేవాడు. వేలు కాలేదాకా పోసి అప్పుడు ఆపేవాడు. నేను వెళ్లడం తగ్గించాను. కనపడితే "ఏరా, గున్న సంగతేంటి?" అని నవ్వేవాడు. ఆ నవ్వు చూడలేక చేలో పని ఉందని వెళ్లిపోయేవాణ్ణి.

మూడు నెలల కింద ఊపిరితిత్తుల్లో నీరు చేరి మంచం పట్టాడు. పోయిన శుక్రవారం కబురు పెడితే వెళ్లాను. నవారు మంచం పెరట్లోనే, తలుపుకి ఎదురుగా వేయించుకున్నాడు. మనిషి ఎముకల గూడు. మాటకీ మాటకీ మధ్య ఆయాసం.

"నేను పోయాక ఈ తలుపు ఊడబీక్కుని మీ ఇంటికి పట్టుకెళ్లు. లిస్టు నీ దగ్గరే ఉండాల. నియమం తెలిసినోడివి."

నా వల్ల కాలేదు. మంచం పక్కన నేలమీద కూలబడి కళ్లం, కారం, మూసుకుపోయిన కళ్లు, ఆయన ఊపిన చెయ్యి, కాలవలో ఉతుకుడు, కోడికూర, అన్నీ చెప్పేశాను. "చూశానండి. చూసే కొట్టానండి" అన్నాను.

ఉన్న ఒక్క కన్నుతో నన్నే చూశాడు.

"దగ్గరికి రా. ఇంకా."

ముఖం మంచం అంచుదాకా తీసుకెళ్లాను. కొట్టాడు. ఆయన నా ముఖం మీద కొట్టడం అదే మొదలు. పిడికిలి ఎముక నా పంటికీ పెదవికీ మధ్య పడి పెదవి చిట్లింది. రక్తం గడ్డం మీదుగా చొక్కా మీద పడింది.

"ఊఁ. ఇప్పుడు మాట్లాడు. మొదటివాడెవడు?"

"మీ పొడుగాయనేనండి. గున్న పేరు తుడిపేస్తాను."

"ఒరేయ్ ఎదవా! గున్నేం చేశాడురా పాపం? కొట్టింది నువ్వు. దెబ్బ పడగానే మాట మారుస్తావా? వాడు ఎందుకు గొప్పోడో చెప్పి ఏడు."

చెప్పాను. ఏడుస్తూనే చెప్పాను. గున్న ఎంతమందిని ఎన్ని నిమిషాల్లో పడగొట్టాడో చెప్పాను. ఆయన కాదన్నాడు. నేను అవునన్నాను. పెరట్లో నీడ పోయి మంచం మీదికి ఎండ వచ్చేదాకా అరుచుకున్నాం. ఎటూ తేలలేదు. నన్ను క్షమించాడో లేదో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. తలుపు మాట మళ్లీ ఎత్తలేదు.

మంగళవారం లారీ దిగి నేరుగా పేటకి వెళ్లాను. చర్చి గంట కొడుతున్నారు. పెట్టె పక్కన కూర్చున్న అమ్మగారు, అంటే మాస్టారి భార్య, నన్ను చూసి కళ్లు తుడుచుకున్నారు.

"మూతికి ఏమైందయ్యా?"

"మాస్టారు కొట్టారమ్మా. శుక్రవారం."

ఆవిడ నావైపు అదోలా చూశారు. "శుక్రవారమా? చెయ్యి లేవట్లేదని నెలరోజుల్నుంచీ ముద్ద నేనే పెడతన్నాను కదయ్యా."

పేట కుర్రాళ్లతోపాటు నేనూ పెట్టె మోశాను. మా పెదనాన్న అరుగు ముందునుంచే మోశాను. సమాధి దగ్గర పాట పాడుతుంటే పెదవి మళ్లీ చిట్లింది.

ఇంటికొచ్చి స్నానం చేసి అన్నానికి కూర్చున్నాను. పండుమిరప పచ్చడి కలిపి మొదటి ముద్ద పెట్టుకోగానే పెదవి చిట్లినచోట భగ్గున మండింది. కళ్లు వాటంతటవే మూసుకుపోయి నీళ్లు కారాయి. రెండో ముద్దలో పచ్చడి ఇంకాస్త ఎక్కువ కలుపుకున్నాను.