ఆరబెట్టకూడని కణాలు

రైల్వే వర్క్‌షాపు ప్రయోగశాలలో నా ఉద్యోగకాలమంతా నూనెలను, నీటిని పరీక్షించాను. ఆరబెట్టి, తూచి, చీటీ అంటించని నమూనాకు నా బల్ల మీద చోటుండేది కాదు. పదవీ విరమణ తరువాత అదే ఊళ్ళో ఇందా అనే పేటలోని ఒక కళాశాల ప్రయోగశాలను చూసుకోవడానికి ఒప్పుకున్నప్పుడు, ఆ నియమాన్ని కూడా వెంట తీసుకువెళ్ళాను.

అక్కడ పరిశోధన చేస్తున్న ఒక అమ్మాయి తండ్రికి ఊళ్ళోని గోల్‌బజార్‌లో చీరలకు రంగు వేసే దుకాణం ఉంది. ఆయన పారబోసే ఎర్రనీళ్ళు పక్కింటి గుమ్మం ముందు కాలువలో పారేవి. ఆ ఇంటి బెంగాలీ దీదీకి ఓపిక నశించింది. ఆదివారంలోగా నీళ్ళు తేటపడకపోతే వీధివారితో కలిసి రంగుబాన మూయిస్తానని తేల్చి చెప్పింది.

ఆ అమ్మాయి రొయ్యపెంకుల నుంచి తీసే కైటోసాన్ అనే పాలిమర్‌ను పలుచని ఆమ్లంలో కరిగించి, కలియబెడుతూ ఫాస్ఫేటు ద్రావణాన్ని చుక్కచుక్కగా వదిలింది. ద్రావణం నీళ్ళపాలలా మారింది. అందులోని నానోకణాలు కంటికి ఆనవు గాని రంగును పట్టుకుంటాయి. అంతవరకు ఆమె పని నిర్దుష్టం. అప్పుడు నేను కలుగజేసుకుని, ఓవెన్‌లో ఆరబెట్టి తూకం వేయమన్నాను. ఆమె ఏదో చెప్పబోయి, నా ముఖం చూసి ఓవెన్ తలుపు తెరిచింది.

మర్నాటికి గిన్నె అడుగున పసుపుపచ్చని గట్టి పలుకులు మిగిలాయి. ఎర్రనీటిలో వేసి గంటసేపు చూశాం. ఎరుపు తగ్గలేదు.

“మీరు ఆరబెట్టమన్నారు, ఆరబెట్టినాను మాస్టారూ. కణాలన్నీ అతుక్కుపోయినాయి. ఇప్పుడివి ఝాల్‌మురీ మరమరాల్లో కలుపుకోడానికే పనికొస్తాయి,” అంది.

తప్పు నాదేనని ఒప్పుకున్నాను. అలా ఒప్పుకోవడం నాకు అలవాటు లేదు. శనివారమంతా ఇద్దరం కూర్చుని మళ్ళీ చేశాం. ఆదివారం ఉదయం ఆ ద్రవాన్ని ఆరబెట్టకుండానే పాలక్యానులో పోసి, ఆటోలో గోల్‌బజార్‌కు తీసుకువెళ్ళాం.

తండ్రి క్యానులోకి తొంగిచూశాడు. “ఇదేటమ్మా, మాస్టారింటి మజ్జిగేటి?” అన్నాడు. కూతురు చెప్పిన కొలత ప్రకారం ఎర్రనీళ్ళ బకెట్లో పోసి కర్రతో తిప్పాడు. రంగు మబ్బులా ముద్దకట్టి, మెల్లగా అడుగుకు దిగింది. పైన తేరిన నీటిని గుడ్డతో వడగట్టి, గాజుగ్లాసులో దీదీకి అందించాం. ఆమె దాన్ని ఎండకెత్తి అటూ ఇటూ తిప్పింది.

“ఠీక్ హై దాదా,” అంది. ఒక్కరోజు ఎర్రగా కనిపించినా తానే వచ్చి బాన బోర్లిస్తానని బెంగాలీలో హెచ్చరించింది.

అడుగున మిగిలిన ఎర్రముద్ద కాలువలో పడకుండా నేను డబ్బాకెత్తించాను. దీదీ దుకాణం గుమ్మం దిగకముందే అమ్మాయి తండ్రి రంగుబాన కింద పొయ్యి వెలిగించాడు.