ప్రదక్షిణంగా తిరిగిన చక్రం

సీతమ్మధారలో మా కారు గేర్ ఆయిల్ మార్చే షెడ్డులో, పాత నూనె ట్రేలోకి జారుతుంటే వచ్చే ఘాటు వాసనకి అందరూ ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం అది ఆషాఢం వాసన. పనస తొనలు, తడి ఇసక, పచ్చిచేపలు, మా నాన్న ఖాకీ చొక్కా అన్నీ అందులోనే ఉంటాయి.

డెబ్బైల చివర్లో మేం ఫిషింగ్ హార్బర్ దగ్గర ఉండేవాళ్ళం. నాన్న ఎవరిదో లారీ తోలేవాడు. ఊరి బయట తీరంలో పడవలు ఇసక మీదికే వచ్చేవి; ఆడవాళ్ళు గంపలు నెత్తిన పెట్టుకుని రోడ్డు దాకా నడిచేసరికి చేప మెత్తబడిపోయేది. నీళ్ళ అంచుదాకా వెళ్ళే బండి ఒకటుంటే, వేలంపాట మొదలవకముందే హార్బరులో దింపేయొచ్చని, ఇక ఒకరి కింద పనిచెయ్యక్కర్లేదని నాన్న ఆశ.

పాతూరులో ఒక సాయిబు తాత దగ్గర వెనక చక్రాల మీదే నడిచే పాత జీపు ఉండేది. మామూలు బండికి ఒక చక్రం ఇసకలో దిగితే అదొక్కటే గిరగిరా తిరుగుతుంది, గట్టి నేల మీదున్నది కదలదు. ఇరుసులో లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ అనే భాగం ఉంటే రెండూ లాగుతాయి. దీనికి అది వేశారని విన్నాను గానీ నాకు తెలీదు, మీరే చూసుకుని తీసుకోండి అన్నాడాయన.

చూసే పద్ధతి మా మేనమామ చెప్పాడు. వెనక చక్రాలు రెండూ నేలకి అందకుండా ఎత్తి, గేరు న్యూట్రల్లో పెట్టి, ఒకటి చేత్తో తిప్పాలి. రెండోది కూడా అటే తిరిగితే ఉన్నట్టు, ఎదురు తిరిగితే లేనట్టు. మామయ్య వెనకాల వంగి జాకీ పట్టుకున్నాడు, నాన్న ఎడమ చక్రం దగ్గర కూర్చున్నాడు, కుడి చక్రం దగ్గర పదేళ్ళ ఆడపిల్లని నేను. ముందురోజే సింహాచలం కొండ చుట్టూ గిరి ప్రదక్షిణ చేసొచ్చి కాళ్ళు పీకుతున్నాయి; ఇంట్లో అందరి నోటా ప్రదక్షిణమన్న మాటే. నాన్న తన చక్రం తిప్పాడు.

"ఎటు తిరిగిందే గుంటా?"

"ప్రదక్షిణంగా నాన్నా, గడియారం ముల్లులాగ."

"నాదీ అంతే."

"ఓపాలి నువ్వటెళ్ళి సూడు బావా," అన్నాడు మామయ్య.

"గుంట సెప్పింది కదా. ఇంకేటి సూసేది?"

నాన్న జీపు కొని, లారీ మానేశాడు. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, జీపుకి బంతిపూల దండ వేసి, మొదటిసారి గంపలెత్తిన రోజునే అది ఇసకలో కూరుకుపోయింది. ఒక చక్రం ఇసకని ఎగజిమ్ముతోంది, రెండోది ఊరికే నిలబడి ఉంది. ఐసు కరిగి గంపల కిందనుంచి ఎర్రటి నీళ్ళు కారాయి. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. మళ్ళీ బండిని జాకీతో ఎత్తారు, ఎవరి చోట్లో వాళ్ళమే కూర్చున్నాం, మళ్ళీ నాదీ ప్రదక్షిణమే, నాన్నదీ ప్రదక్షిణమే. మామయ్య ఇసకని తిట్టాడు. నేనైతే గిరి ప్రదక్షిణ పూర్తికాకుండానే, ఉపవాసం తప్పి అడివివరం దగ్గర దొంగతనంగా పనస తొనలు తిన్నాను కాబట్టి సింహాచలం అప్పన్న స్వామికి కోపమొచ్చిందనుకున్నాను. కొన్నాళ్ళకి జీపు వెళ్ళిపోయింది, నాన్న మళ్ళీ ఆ లారీయే ఎక్కాడు.

మొన్న షెడ్డులో కారు ముందు చక్రాలు రెండూ గాల్లో ఉండగా మెకానిక్కు ఒకటి తిప్పాడు. ప్రదక్షిణంగా తిరిగింది. ఏం తోచిందో, అటు వెళ్ళి రెండోది ఎటు తిరుగుతోందో చూశాను. అదీ ప్రదక్షిణమే. అయితే దీనికి లిమిటెడ్ స్లిప్ ఉందా అని అడిగాను.

"లేదు మేడమ్. ఎదురెదురుగానే తిరుగుతన్నాయి. మీరు అటోపాలి ఇటోపాలి నిలబడి సూత్తన్నారు కదా, అందుకే ఒకేలాగ అవుపిస్తన్నాయి."

మళ్ళీ తిప్పమని, ఈసారి కారు ముందు నిలబడి రెండూ చూశాను: ఒకటి ముందుకి, ఇంకోటి వెనక్కి తిరుగుతున్నాయి. ఆ పడవల రేవులో ఇప్పుడు ఇసకే లేదు, బండరాళ్ళూ రోడ్డూ ఉన్నాయి. మామయ్య లేడు. ఇది చెబుదామంటే నాన్న కూడా లేడు. నేను అబద్ధం చెప్పలేదు, ఆయనా తప్పు చూడలేదు. బండి చుట్టూ నాలుగడుగులు వేసి, వెనక ఒకేచోట నిలబడి రెండు చక్రాలూ చూసి ఉంటే ఆ రోజే తెలిసిపోయేది. నేను చెప్పింది చాలనుకుని రాలేదు.